పుర్రెల ఫోనులో తాతయ్య కేక

మొన్న ఆదివారం పప్పుకి తాలింపు వేస్తూ ఫోను చూశాను. చుట్టాల గ్రూపులో ఎవరిదో పెళ్లి శుభలేఖ వచ్చింది. బొమ్మ కాదు, నొక్కితే తెరుచుకునే ఫైలు. పెళ్లికూతురు ఎవరో, ముహూర్తం ఎప్పుడో చూద్దామని దాని మీద వేలు పెట్టబోయానో లేదో, మా అబ్బాయి వెనకనించి కేకేశాడు.

"అమ్మా, నొక్కకు! అది శుభలేఖ కాదు, వైరస్."

"పంపింది మనవాళ్లేరా."

"పంపింది వాళ్లు కాదు, వాళ్ల ఫోను. వాళ్లూ నీలాగే నొక్కి ఉంటారు."

ఈలోగా తాలింపు మాడింది. మాడిన ఎండుమిరపకాయ ఘాటు ముక్కుకెక్కి ఇద్దరం తుమ్మాం. నాకు నవ్వాగలేదు. పెళ్లి పేరు చెప్పుకుని వచ్చినదాన్ని కాదనలేక నొక్కడం మా ఇంట్లో కొత్తేమీ కాదు. వాడికి ఆ సంగతి చెప్పడం మొదలుపెట్టాను. చెబుతుంటే ఆ కాలమంతా ఘాటుతో సహా వచ్చి నా ముందు కూర్చుంది.

మా ఊరు చిలకలూరిపేటకి దగ్గరే. పెద్ద రోడ్డు దిగి నల్లరేగడి బండ్ల డొంకలో కొంత దూరం వెళితే వస్తుంది. ఒక పక్క పత్తి, ఒక పక్క మిరప. ఎండలు ముదిరేసరికి ఊరి చుట్టూ కల్లాలు ఎర్రగా పరుచుకునేవి. కల్లమంటే కోసిన మిరపకాయలు ఎండబోసే జాగా. ఆడవాళ్లు నెత్తిన కొంగు వేసుకుని వరసగా కూర్చుని, రంగు తేలిపోయిన తాలుకాయలు ఏరుతుండేవాళ్లు. కాయలు తిరగేసిన ప్రతిసారీ కల్లమంతా తుమ్ములే. ఊరికి కొత్త చుట్టం వస్తే అతని తుమ్ములు విని ఎవరింటికి వచ్చాడో చెప్పేసేవాళ్లు. మధ్యాహ్నానికి నాయనమ్మ పండుమిరపకాయలు, కొత్త చింతపండు, ఉప్పు రోట్లో తొక్కి తెచ్చేది. ఆ పచ్చడి వేడన్నంలో కలిపి నెయ్యి వేసుకుంటే కళ్లల్లో నీళ్లు తిరిగేవి. అయినా రెండో ముద్దకి చెయ్యి ఆగేది కాదు.

అన్నం వేళకి మా తాతయ్య పిలిచేవాడు. ఆ పిలుపు గురించి చెప్పకపోతే ఈ కథ లేదు.

తాతయ్యది మామూలు గొంతు కాదు. ఆయన రహస్యం చెబితే పక్క బజారువాళ్లు తీర్పు చెప్పేవారు. కల్లం గట్టు మీద నిలబడి, ఒక చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, గుండెల నిండా గాలి పీల్చి ఒక్క కేక వేసేవాడు.

"ఓ...య్! రండర్రా అన్నానికీ! కూర చల్లారిపోతందీ!"

రెండు చేలు దాటి అవతల పత్తి తీస్తున్న కూలీలు కూడా నడుములు పైకెత్తేవాళ్లు. పక్కవాళ్ల చేలో అరకలు సైతం ఆ కేకకే ఆగేవి. ఆ పూట మా కల్లం పక్కనించి వెళ్లేవాడెవడైనా తినకుండా వెళ్లడానికి వీల్లేదు. "తిన్నానండీ" అంటే తాతయ్య ఒప్పుకునేవాడు కాదు. "తినలేదని మొహం చూస్తే తెలీదా, కూచో" అనేవాడు. పెట్టిందాన్ని కాదనడం అంటే ఆయన లెక్కలో చెంపదెబ్బ కొట్టడమే. మా ఇంట్లో పిల్లలందరం ఆ లెక్కలోనే పెరిగాం. మా బాబాయ్ అయితే మరీనూ. ఎవరింటికి వెళ్లినా పెట్టిందల్లా తినొచ్చి రాత్రంతా వాము నమిలేవాడు.

ఒక ఏడు కాయకి మంచి ధర వచ్చింది. బాబాయ్ గుంటూరు యార్డు నించి తిరిగొస్తూ కొత్త సెల్‌ఫోను కొనుక్కొచ్చాడు. ఫొటోలు తీస్తుంది, గొంతు పట్టుకుంటుంది, తీగ లేకుండానే పక్క ఫోనులోకి పాటలు పంపిస్తుంది. ఊళ్లో అలాంటిది అదే మొదటిది. బాబాయ్ ట్రాక్టరు నడిపేవాడు. ఫోను మోగితేనే ట్రాక్టరు కదిలేది, ట్రాక్టరు కదిలితేనే ఇల్లు గడిచేది. కాబట్టి ఫోను కొనడం షోకు కాదని అందరికీ చెప్పుకునేవాడు. ఎవరూ నమ్మలేదనుకోండి.

కొన్న వారంలోనే కల్లం మీద తాతయ్య కేకని ఆయనకి తెలియకుండా పట్టుకున్నాడు. దాన్నే రింగుటోనుగా పెట్టాడు. అప్పటినించి ఎవరు ఫోను చేసినా బాబాయ్ జేబులోంచి "ఓ...య్! రండర్రా అన్నానికీ!" అని మోగేది. మొదటిసారి విన్నప్పుడు తాతయ్య చుట్ట నోట్లోంచి తీసి అటూ ఇటూ చూశాడు.

"ఎవడ్రా ఆ గాడిద అట్టా అరుస్తంది?"

"నువ్వే నాన్నా!"

"నా గొంతు అంత దరిద్రంగా ఉండదు, పో."

ఆయన నిజంగానే ఒప్పుకోలేదు. ఎవరి గొంతు వాళ్లకి కొత్తగానే ఉంటుందట.

ఆ చుట్టే కొంప ముంచింది. చలికాలానికి తాతయ్య గొంతు బొంగురుపోయింది. మైకు సెట్టు పాడైందని ఆయనే నవ్వులాటగా అనేవాడు. గుంటూరు తీసుకెళితే పెద్ద డాక్టరు గొంతులో పుండు ఉందన్నాడు. ప్రాణం ఉండాలంటే గొంతుపెట్టె తీసెయ్యాలన్నాడు. తీసేశారు. మనిషి మిగిలాడు, కేక పోయింది. మెడ దగ్గర చిన్న రంధ్రం, దాని మీద తెల్లటి గుడ్డ. ఇంటికి వచ్చాక ఆయనకి నా పాత పలక ఒకటి ఇచ్చాం. పలక చేతికందనప్పుడు చప్పట్లు కొట్టి పిలిచేవాడు.

"చప్పట్లు కొట్టి పిలవడానికి నేనేమన్నా కోడినా?" అని నాయనమ్మ కసురుకునేది. కసురుకుంటూనే పరుగెత్తేది.

ఊపిరంతా మెడలోంచే కాబట్టి ఆయన ముక్కుకి వాసనలు తెలియకుండా పోయాయి. మిరప ఘాటు ఆ గుడ్డలోంచి లోపలికి పోతుందని డాక్టరు కల్లానికి వెళ్లొద్దన్నాడు. అయినా వెళ్లేవాడు. మేమందరం తుమ్ముతుంటే ఆయన ఒక్కడూ తుమ్మకుండా, పరాయివాడిలా నిలబడేవాడు. నాకు అప్పుడు బాగా దిగులేసేది.

నాయనమ్మ దిగులు వేరే దారిలో తీర్చుకుంది. మా ఇంట్లో ల్యాండ్‌లైను ఉండేది, దాని మీద కుట్టుపని చేసిన గుడ్డ కప్పి ఉండేది. మధ్యాహ్నం అన్నం వండి గిన్నెలు దించగానే ఆ గుడ్డ తీసి బాబాయ్ నంబరు నొక్కేది. బాబాయ్ వసారాలో మంచం మీదే ఉండేవాడు.

"ఏందమ్మా, పక్కనే ఉంటే ఫోనెందుకు?"

"నువ్వు ఎత్తబాకు. మోగనీ."

అది మోగేది. "కూర చల్లారిపోతందీ!" దాకా విని, రిసీవరు పెట్టేసి కంచాలు వేసేది. తాతయ్య ఏమీ తెలియనట్టు వచ్చి పీట మీద కూర్చునేవాడు.

ఆ కేకతో మేమూ ఆడుకున్నాం. ఒకసారి నేనూ తమ్ముడూ బాబాయ్ ఫోను ఎత్తుకుపోయి కల్లం పక్కన గడ్డివాము వెనక దాక్కుని ఆ కేక మోగించాం. ఇంకా పదకొండు కూడా కాలేదు. తాలు ఏరుతున్న ఆడవాళ్లు దులుపుకుని లేచారు. వాళ్లలో ఒకామె, "ఓసి, పెద్దాయనకి గొంతొచ్చిందే!" అని మా ఇంటి వైపు పరుగు తీసింది. తీరా అక్కడ తాతయ్య చప్పట్లు కొట్టి నవ్వాడట. మాకు అక్షింతలు పడ్డాయి గానీ, ఆ రోజు అందరికీ అన్నం ముందుగానే పెట్టించాడు ఆయన.

ఆ ఎండాకాలంలోనే మా చిన్నత్త పెళ్లి. పగటి ముహూర్తం. ఇంటి ముందు పందిరి, పక్కింట్లో మగపెళ్లివారి విడిది. గాడిపొయ్యి మీద పులిహోర, గుత్తొంకాయ, బూరెలు. మిరప ఘాటుకి మగపెళ్లివారు వచ్చిన క్షణం నించి తుమ్ముతున్నారు. "శుభమా అని పెళ్లికొస్తే ఈ తుమ్ములేందండీ" అని పెళ్లికొడుకు మేనత్త ముక్కు మూసుకుంది. దానికే మా నాయనమ్మకి పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ పెళ్లి అయ్యేదాకా మగపెళ్లివారి నోటి వెంట ఇంకో మాట రాకూడదని ఇంటిల్లిపాదికీ ఆజ్ఞ వేసింది.

పందిట్లో బాబాయ్ ఫోను మోగింది. చుట్టాలంతా తలలు తిప్పారు. తాతయ్యకి జరిగిన సంగతి వాళ్లకి తెలుసు. ఆ గొంతు మళ్లీ వినేసరికి కొందరికి నవ్వొచ్చింది, కొందరు కళ్లొత్తుకున్నారు. అలాంటి ఫోనులున్న వాళ్లంతా బాబాయ్ చుట్టూ చేరారు.

"ఒరేయ్, పెదనాన్న కేక నాకూ ఎక్కించరా."

"నాకూ! నిన్నే, ముందు నాకు!"

పంపాలంటే బ్లూటూత్ తెరవాలి. ఇచ్చేవాడూ తెరవాలి, పుచ్చుకునేవాళ్లూ తెరవాలి. అందరూ తెరిచారు. తాతయ్య కేక పందిట్లో ఈ జేబు నించి ఆ జేబుకి వెళ్లింది. ఆయన స్తంభం పక్కన కుర్చీలో కూర్చుని, తన గొంతు బూరెల్లా పంచుతుంటే చూసి మీసాల్లో నవ్వుకున్నాడు.

సరిగ్గా అప్పుడే బాబాయ్ ఫోను ఏదో అడిగింది. ఎవరో ఏదో పంపుతున్నారు, తీసుకుంటావా అని. పంపేవాడి పేరు తెలిసిన పేరు కాదు. బాబాయ్ వద్దని నొక్కాడు. మళ్లీ అడిగింది. మళ్లీ వద్దన్నాడు. ఈగను తోలినట్టు ఎన్నిసార్లు తోలినా మళ్లీ వచ్చి వాలుతోంది.

"ఏందిరా ఆ తంటా?" అంది పక్కనే తాంబూలాలు సర్దుతున్న నాయనమ్మ.

"ఎవరో ఏదో పంపుతున్నారమ్మా. మనవాళ్లు కాదు."

"మనవాళ్లు కాకపోతే మగపెళ్లివాళ్లే గదా! నువ్వు పంచావు, వాళ్లూ ఏదో ఒకటి పెడదామనుకున్నారు. వద్దంటావేంది, బుద్ధుందా? తీసుకో."

బాబాయ్ తీసుకున్నాడు. ఇంతటితో అయిపోలేదు. లోపలికి ఎక్కించనా అని అడిగింది. సరే అన్నాడు. ఇది ఎక్కడినించి వచ్చిందో తెలియదు, అయినా ఎక్కించమంటావా అని మళ్లీ అడిగింది. పాపం, ఫోను దాని శాయశక్తులా చెప్పింది. కానీ మగపెళ్లివారి మర్యాద ముందు అదెంత. బాబాయ్ అన్నిటికీ సరే అన్నాడు. ఆ పంపినవాళ్లూ ఇలాగే మర్యాదకి పోయి ఎక్కించుకుని ఉంటారని, పంపింది వాళ్లు కాదు, వాళ్ల ఫోనేనని మాకు తర్వాత అర్థమైంది.

రెండో పంక్తి భోజనాలకి ఫోను తీసి చూస్తే తెర నిండా పుర్రెలు. ఫొటోల బొమ్మ ఉండాల్సిన చోట పుర్రె, పాటల చోట పుర్రె, పాము ఆట చోటా పుర్రె. ఏది నొక్కినా తెరుచుకోవడం లేదు. ఫోను మోగితే తాతయ్య కేక బదులు షాపులో కొన్ననాటి టింగుటింగు మోత వచ్చింది.

నాయనమ్మ ఆ పుర్రెలు చూసి వెనక్కి రెండడుగులు వేసింది. పత్తికి కొట్టే పురుగుమందు డబ్బాల మీద తప్ప ఆ బొమ్మ మాకు ఇంకెక్కడా తెలియదు. "మందు డబ్బా చేతిలో పట్టుకుని పెళ్లి పందిట్లో తిరుగుతావేందిరా! అవతల పారెయ్!" అని నోరు నొక్కుకుని గుసగుసగా అరిచింది. ఫోనుని స్టీలు డబ్బాలో పెట్టి, మీద వేపమండ వేసి, పశువుల పాక చూరులో పెట్టించింది. అమ్మవారు పోసిన పిల్లాడిని వేరే గదిలో ఉంచినట్టే ఉంచింది. తమ్ముడు వెళ్లి దానికి చల్లటి మజ్జిగ పెట్టమంటావా అని అడిగి ఒక మొట్టికాయ తిన్నాడు.

ఆలోపే పందిట్లో మిగతా జేబుల్లో కూడా పుర్రెలు మొలిచాయి. తాతయ్య కేకని తీసుకుని ఇంకా పందిట్లో ఎవరెవరు ఉన్నారో వాళ్లందరి ఫోనుల్లోనూ! ఎందుకంటే బ్లూటూత్ తలుపులు తెరిచి ఉంచింది వాళ్లే. పెళ్లికొడుకు ఫోనుకీ అంటింది. మీవాళ్ల వల్ల వచ్చిందని వాళ్లూ, మీవాళ్లు పంపితేనే మర్యాదకి తీసుకున్నామని మావాళ్లూ. ఇంకాసేపైతే మాట పెరిగేదే. తాతయ్య లేచి వెళ్లి వియ్యంకుడి ముందు నిలబడి, రెండు చేతులూ జోడించి, తర్వాత చేతిని నోటి దగ్గరికి తీసుకెళ్లి భోజనానికి రమ్మని సైగ చేశాడు. మాటలేని మనిషి అలా పిలిస్తే ఎవరు మాత్రం కాదంటారు? వియ్యంకుడు ఆయన భుజం మీద చెయ్యి వేసి పంక్తిలోకి నడిచాడు.

పెళ్లయ్యాక బాబాయ్ పేటలో సెల్ షాపుకి ఫోను తీసుకెళ్లాడు. నేనూ వెంట వెళ్లాను. షాపతను దాన్ని చూడగానే ముట్టుకోకుండానే చెప్పేశాడు.

"వైరస్సండీ. ఇది దగ్గరికొచ్చిన ఫోనుకల్లా అంటించుద్ది. మొత్తం చెరిపేసి కొత్తదాన్లా చెయ్యాల్సిందే."

"లోపల మా నాన్న గొంతుందయ్యా. అది తీసిచ్చి, తర్వాత నీ ఇష్టం."

"ఏదీ తెరుచుకోట్లేదు గదండీ. చెరిపితే అన్నీ పోతయ్. గొంతు ఒక్కటీ ఉంచి మిగతావి చెరపడం నా వల్ల కాదు."

గుంటూరులో అడిగితే అక్కడా ఇదే మాట. మిగతా చుట్టాలకి ఫోను చేస్తే వాళ్లు అప్పటికే చెరిపించేసుకున్నారు. పోనీలెమ్మని వాళ్లు చెరిపించుకున్న చోటల్లా ఆయన గొంతు పోయింది. ఇక మిగిలింది ఆ పుర్రెల వెనక, బాబాయ్ ఫోనులో.

ఇంట్లో పంచాయితీ మొదలైంది. నాయనమ్మ ఫోనుని చీర మడతల్లో దాస్తానంది.

"అది అట్టాగే ఉంచరా. ఇయ్యాళ కాకపోతే రేపు, ఎవడో ఒక చదువుకున్నోడు తీసిస్తాడు. నువ్వు ఇంకోటి కొనుక్కో."

"ఇంకోటి కొనాలంటే ఇంకో పంట రావాలమ్మా. ఇది ఆపేసి పెట్టబట్టి ట్రాక్టరు కదల్లేదు. ఇది చేత్తో పట్టుకుని పోతే నన్ను చూసి జనం జేబులు మూసుకుంటన్నారు."

బాబాయ్ అలా అన్నాడు గానీ, నాలుగు రోజులైనా చెరిపించడానికి చెయ్యి రాలేదు. పేట దాకా వెళ్లి తిరిగొచ్చాడు కూడా. చివరికి తాతయ్య చప్పట్లు కొట్టి పలక తీసుకున్నాడు. మిరప చేలో ఆకు ముడుచుకుపోయి వైరస్ తెగులు కనిపిస్తే, ఎంత కాపు మీదున్న మొక్కనైనా పీకి దూరంగా పాతిపెట్టించేవాడు ఆయన. పలక మీద అదే రాశాడు. తెగులు మొక్కని ఉంచితే చేనంతా పోతుంది, తీసెయ్. అది చెరిపి, మెడ మీద గుడ్డని వేలితో చూపించి, ఇంకో మాట రాశాడు. నాది తీశారు, బతికే ఉన్నాగా.

బాబాయ్ మొహం పక్కకి తిప్పుకున్నాడు. నాయనమ్మకి మాత్రం కోపమొచ్చింది.

"ఈయనకేం, ఎన్నయినా రాస్తాడు. ఆయన గొంతు ఆయన ఎప్పుడు విన్నాడని? వినేది మనం గదా!"

ఆ మాట విని తాతయ్య పలక తుడిచి పక్కన పెట్టాడు. మర్నాడు బాబాయ్ ఫోను చెరిపించుకొచ్చాడు. తెర శుభ్రంగా, బొమ్మలన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి. మధ్యాహ్నం నాయనమ్మ గిన్నెలు దించాక అలవాటుగా ల్యాండ్‌లైను మీది గుడ్డ తీసింది. మళ్లీ కప్పేసింది. ఆ రోజు కూరలో ఉప్పు లేదని ఎవరూ అనలేదు.

వానాకాలం గడిచింది. పత్తి పగిలింది. చలికాలంలో తాతయ్యని డాక్టరుకి చూపించడానికి, నాకు కళ్లజోడు కోసం, బాబాయ్ మా ఇద్దరినీ గుంటూరు బయల్దేరదీశాడు. పేటలో రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డాం. అక్కడే పత్తి మిల్లు. లోపలికి వెళ్లడానికి లారీలు బారులు తీరి ఉన్నాయి. గాలికి దూది పింజలు ఎగిరి టీ బంకులో పాల గిన్నె మీద వాలుతున్నాయి. బంకతను వాటిని గరిటెతో తీసి పారేస్తూ టీ పోస్తున్నాడు. తాతయ్య గ్లాసు ఊదుకోలేడు కదా, అందుకని చల్లారేదాకా చేతిలో పట్టుకుని కూర్చున్నాడు.

ఎదురుగా ఉన్న లారీ క్యాబిన్‌లోంచి వినబడింది.

"ఓ...య్! రండర్రా అన్నానికీ! కూర చల్లారిపోతందీ!"

బాబాయ్ ఉలిక్కిపడి తాతయ్య వైపు చూశాడు. నేనూ ఆయన నోటి వైపే చూశాను. మా ఇద్దరికీ ఒక్క క్షణం ఆయనే పిలిచాడనిపించింది. తాతయ్య చెయ్యి మెడ దగ్గరికి వెళ్లి ఆ గుడ్డని తడుముకుంది. టీ ఒళ్లో ఒలికిపోయినా ఆయనకి తెలియలేదు.

బాబాయ్ రోడ్డుకి అడ్డంగా పరుగెత్తి లారీ తలుపు కొట్టాడు. లోపల పడుకున్న డ్రైవరు కళ్లు నులుముకుంటూ తల బయటపెట్టాడు.

"ఏందండీ, లారీ ముందుకు తియ్యాల్నా?"

"లారీ సంగతి కాదన్నా. నీ ఫోనులో ఆ కేక... ఎక్కడిదది?"

"అదాండీ! పిడుగురాళ్లలో సున్నం లోడుకి పోయినప్పుడు ఒకాయన ఫోనులో ఇని ఎక్కించుకున్నా. ఆయనకి ఎవరో పెళ్లినించి ముందే వచ్చేసి ఇచ్చారంట. ఎవరో పెద్దాయన, బలే పిలుస్తాడు. అలారం పెట్టుకుంటే లేవను గానీ దీనికి లేస్తానండీ. ఇంట్లో ఉన్నట్టుంటది."

"ఆ పెద్దాయన మా నాన్నేనన్నా. అదుగో, అక్కడ కూచున్నది."

డ్రైవరు బంకు వైపు చూశాడు. తెల్లగుడ్డ చూశాడు. చెప్పాల్సిన అవసరం లేకపోయింది. లారీ దిగి, తువ్వాలు భుజం మీదనించి తీసి, తాతయ్య దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"పెద్దాయనా, రోజూ అన్నానికి పిలుస్తానే ఉన్నారు. ఒక్కనాడన్నా రాలేదు, ఏమనుకోబాకండి."

తాతయ్య భుజాలు కదిలిపోయేలా నవ్వాడు. శబ్దం లేదు, కళ్లల్లోంచి మాత్రం నీళ్లు కారుతున్నాయి. మా ఊరి వైపు చెయ్యి చూపించి, తర్వాత ఆ చేతిని నోటి దగ్గరికి తెచ్చాడు. వచ్చెయ్, తిని పో అని. ఆ తర్వాత డ్రైవరు ఫోను వైపు వేలు చూపించి, ఇంకోసారి మోగించమన్నాడు. డ్రైవరు మోగించాడు. తాతయ్య తల వంచి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, చివరిదాకా విన్నాడు. ఈసారి గాడిద ఎవడని అడగలేదు.

"బ్లూటూత్ తెరవండి, పంపిస్తా" అన్నాడు డ్రైవరు.

ఆ మాట వినగానే బాబాయ్ మొహం వాడిపోయింది. పెళ్లి తర్వాత అతను ఆ తలుపు తెరవలేదు. తెరవనని నాయనమ్మ మీద ఒట్టు కూడా వేశాడు. అయినా తెరిచాడు. ఎవరో పంపుతున్నారు, తీసుకుంటావా అని ఫోను అడిగింది. పంపేవాడి పేరు "పులి" అని ఉంది. బాబాయ్ బొటనవేలు మీట మీదకి వెళ్లి ఆగింది. మళ్లీ పుర్రెలు వస్తే? ఆ ఫోను కూడా పోతే?

తాతయ్య చెయ్యి చాచి బాబాయ్ వేలిని పక్కకి జరిపి, తనే నొక్కాడు.

ఆ రోజు గుంటూరులో డాక్టరేం చెప్పాడో నాకు గుర్తులేదు. నాకు కళ్లజోడు వచ్చిందని మాత్రం తెలుసు. ఎందుకంటే తర్వాత జరిగింది నేను చాలా స్పష్టంగా చూశాను.

ఇల్లు చేరేసరికి పొద్దు బాగా వాలింది. నాయనమ్మ అన్నం వండి మా కోసం చూస్తోంది. బాబాయ్ జేబులు తడుముకున్నట్టు నటించాడు.

"అమ్మా, ఫోను ఎక్కడో పెట్టి మర్చిపోయా. ఒకసారి నా నంబరు చెయ్యవా?"

"మర్చిపోక ఏం చేస్తావు! బుర్ర ఉంటేగా" అంటూ ఆవిడ గుడ్డ తీసి నంబరు నొక్కింది.

వసారాలోంచి కేక వినబడింది. ఆవిడ రిసీవరు చెవి దగ్గరే పెట్టుకుని, మెల్లగా తల తిప్పింది. వసారా గట్టు మీద తాతయ్య నిలబడి ఉన్నాడు. ఒక చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, ఛాతీ విరుచుకుని, ఆ కేకకి సరిగ్గా తగ్గట్టు నోరు కదుపుతున్నాడు. ఫోను పంచె మడతలో ఉంది. "రండర్రా అన్నానికీ" అన్నచోట నోరు ఎంత తెరవాలో అంతే తెరిచాడు.

నాయనమ్మ నవ్వింది. నవ్వుతూ ఏడ్చింది. "ఎవరూ ఎత్తబాకండి, మోగనీయండి" అంది. తెగిపోతే మళ్లీ నొక్కింది. బజార్న పోతున్న పక్క చేను ఆయన గుమ్మంలోంచి తొంగిచూసి, "ఏంది, అన్నానికేనా?" అన్నాడు. "మిమ్మల్నే గదా పిలుస్తంది, రండి, కూచోండి" అని ఆయనకీ కంచం వేసింది. నేను ఆ ఇంట్లో చాలా పండగలు చూశాను గానీ, అంత సంతోషంగా అందరం కూర్చుని తిన్న పూట ఇంకోటి గుర్తులేదు.

డ్రైవరు తాతయ్య పిలుపు కాదనలేదు. ఆ తర్వాత మిల్లుకి పత్తి దించి వెళ్లేటప్పుడు ఒకసారి డొంకలోకి నడుచుకుంటూ వచ్చాడు. పండుమిరప పచ్చడి మొదటి ముద్దకే అతని చెవులెర్రబడ్డాయి. అయినా తాతయ్య సైగ చేస్తుంటే మారు అడగక తప్పింది కాదు.

తాతయ్య ఆ తర్వాత చాలా ఏళ్లు ఉన్నాడు. చిన్నత్త పిల్లల్ని చప్పట్లతోనే పెంచాడు. బాబాయ్ ఎన్ని ఫోనులు మార్చాడో, ప్రతి కొత్త ఫోనులోకీ ముందు ఆ కేకే ఎక్కేది. అక్కడినించి నా ఫోనులోకి వచ్చింది. పుర్రెలొచ్చిన దారీ, ఆ కేక తిరిగొచ్చిన దారీ ఒకటే. అప్పట్లో నాకు ఆ దారి మీద కోపం ఉండేది, ఇప్పుడు లేదు.

ఇదంతా మా అబ్బాయికి చెబుతుండగానే నా ఫోను మోగింది. శుభలేఖ పంపిన చుట్టాలావిడే. నేను వెంటనే ఎత్తలేదు. తాతయ్య పిలుపు చివరిదాకా మోగనిచ్చి, ఆవిడ మళ్లీ చేశాక ఎత్తాను.

"అయ్యో, ఆ ఫైలు తెరిచారా ఏంటండీ? మా ఫోనే తన ఇష్టమొచ్చినట్టు అందరికీ పంపేస్తోంది."

"తెరవలేదండీ. మరి పెళ్లి?"

"ఫైలు అబద్ధం గానీ పెళ్లి నిజమేనండీ! మా చిన్నదానిదే. మీరంతా భోజనాల వేళకి రాకపోతే ఊరుకోను."

వస్తామన్నాను. ఫోను పెట్టి చూస్తే మా అబ్బాయి అక్కడ లేడు. ఎవరు చేశారని కూడా అడగలేదు. ఆ కేక వినగానే కంచాలు వెయ్యడానికి ముందుగదిలోకి వెళ్లాడు.